రాక్షసుడికి పెట్టిన పేరు

దూలయ్య పేరును పాడుచేసింది బావమరిది వీరబాబు. ఇందులో అనుమానానికి చోటు లేదు. వీరబాబే ఒప్పుకున్నాడు.

అడవి అంచు ఊళ్ళలో గుట్ట మీది రాక్షసుడి కథ వినకుండా పెరిగిన పిల్లలుండరు. రాక్షసుడు మనిషి వేషంలో వచ్చి ఒక పిల్లను పెళ్ళాడి గుట్ట మీదికి తీసుకుపోతాడు. ఆఖరికి ఆ పిల్ల వాణ్ణి గోదావరిలోకి తోసి ఇంటికొస్తుంది. అంతే కథ.

ఆ కథను హైదరాబాదువాళ్ళు సినిమాగా తీశారు. అమ్మమ్మలు చెప్పిన కథలను చీకట్లో ముంచి, నెత్తురు పూసి తీయడం ఇప్పుడు మంచి వ్యాపారం. ఆడితే రెండో భాగం. అదీ ఆడితే మూడోది. కథల కోసం వాళ్ళు ఈ అడవిలో తిరిగినన్నాళ్ళూ జీపు నడిపింది వీరబాబు.

పాత కథలో రాక్షసుడికి పేరు లేదు. సినిమాలో ఉంది. దూలయ్య.

సినిమా బాగా ఆడింది. దూలయ్యకు ఊళ్ళో తిరగడం కష్టమైంది. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు లేచి నిలబడేవారు.

"దూలయ్య మామా, ఇయ్యాల కూరల ఉప్పు సరిపోయిందానే?"

"గట్లడగకురా, పొయ్యిల పెడ్తడు!"

అన్నం తినని పిల్లలను తల్లులు ఆ పేరు చెప్పి బెదిరించేవారు. అదంతా ఒక ఎత్తు. కారేపల్లిలో ఉండే మనవరాలు దుర్గ తాత ఒళ్ళోకి రావడం మానేసింది. పిలిస్తే తల్లి వెనక నక్కేది. దాన్ని మాత్రం దూలయ్య తట్టుకోలేకపోయాడు.

పైగా ఆ రాక్షసుడేం రాక్షసుడు? పాత కథలో వాడు మనుషులను తింటాడు. సినిమాలో తినడు. ఉప్పు తక్కువైతే పెళ్ళాం చెయ్యి పట్టుకొని పొయ్యిలో పెడతాడు. పుట్టింటికి పోతానంటే గదిలో వేసి గొళ్ళెం పెడతాడు. దీనికి రాక్షసుడెందుకు? అలాంటివాళ్ళు ఏ ఊళ్ళో లేరు?

పెద్దమనుషుల ముందు దూలయ్య బావమరిదిని నిలబెట్టాడు.

"నా పేరు చెప్పింది నువ్వేనారా?"

వీరబాబు అక్క వైపు చూశాడు. దూలయ్య భార్య పుల్లమ్మ పందిరిగుంజకు ఆనుకొని నేల చూస్తోంది.

"అవ్ బావా. నేనే."

"ఎందుకు చెప్పినవ్?"

"నోటికొచ్చింది. చెప్పిన."

ఆ రోజు నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు లేవు. పుల్లమ్మ ఎదురుమాట అనే మనిషి కాదు. ఊళ్ళో అత్తలు ఆమెను చూపించి కోడళ్ళకు బుద్ధి చెప్పేవారు. కానీ ఆ సినిమాను ఆమె రెండుసార్లు చూసింది. రెండోసారి ఎవరికీ చెప్పకుండా ఒక్కతే ఖమ్మం బస్సెక్కింది. తమ్ముడు చేసిన పాపం నిజమో కాదో మళ్ళీ చూసుకోవడానికి పోయిందని దూలయ్య అనుకున్నాడు.

పోయిన వానాకాలం జ్వరం వచ్చి పుల్లమ్మ పోయింది. వీరబాబు పుట్టింటి చీర తెచ్చాడు. శవం మీద కప్పనివ్వకుండా దూలయ్య దాన్ని వాకిట్లోకి విసిరేశాడు.

"నా పేరు బజారుల పెట్టినోని చీర నా పెండ్లాం మీద పడొద్దు."

వీరబాబు చీర తీసుకున్నాడు. అంటిన బురద దులిపి, మడిచి, చంకలో పెట్టుకొని పోయాడు. తప్పు చేసినవాడికి మాటెక్కడిది?

ఇప్పుడు భద్రాచలం దగ్గర రెండో భాగం షూటింగు. రాక్షసుడు గోదావరిలోంచి లేచి వస్తాడట. వాడితో పాటు పేరూ లేచి వస్తుంది. ఇదీ ఆడితే దుర్గ ఇక ఈ జన్మలో దగ్గరికి రాదు. దూలయ్య పొద్దున్నే బస్సెక్కాడు.

కథ రాసే అమ్మాయి జ్యోత్స్న ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. ఖమ్మం పిల్లే. మొదటి భాగానికి ఊళ్ళు తిరిగి కథలు అడిగిందీ ఆమే. దూలయ్య తానెవరో చెప్పలేదు.

"మా ఊళ్ళె ఒకాయనకు గదే పేరున్నది బిడ్డా. పరువు పోతున్నది. జర మార్చుండ్రి."

"అయ్యో! మాకు తెల్వదు తాతా. అది మేం పెట్టిన పేరు గాదు."

"ఎరికే. వీరబాబు పెట్టిండు."

"వీరబాబన్ననా?" ఆ అమ్మాయి నవ్వింది. "ఆయనను ఏదడిగినా హారన్ కొట్టుడే జవాబు. ఆయనకు కథలేడ వస్తయి? ఒకామెను మా దగ్గరికి తోల్కొచ్చిండు. గా ఉప్పు ముచ్చట, పొయ్యి ముచ్చట అన్నీ ఆమె చెప్పినయే."

"ఎవరామె?"

"ఎవరికీ చెప్పొద్దన్నది. కుడిచేతికి కొంగు చుట్టుకొని కూచున్నది. కథ గడగడ చెప్పింది. సినిమాల రాక్షసునికి పేరు కావాలె, నువ్వే పెట్టమ్మా అంటే మాత్రం నోరు పెగలలే. వీరబాబన్న వద్దక్కా, వద్దక్కా అంటనే ఉన్నడు. ఆఖరికి గోదారి దిక్కు తిరిగి గట్టిగ అన్నది. అని, ఒకటే నవ్వు తాతా!"

దూలయ్య నీళ్ళ వైపు చూశాడు.

"గా పెద్దమనిషి ఎవరో చెప్పు. నేనే వచ్చి మాట్లాడ్త. ఆయన వద్దంటే పేరు మారుస్తం."

"వాడు సచ్చిండు," అని దూలయ్య బస్సు వైపు నడిచాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో పుల్లమ్మ మొగుడి పేరు నోరు తెరిచి పలికింది ఆ ఒక్కసారేనని అతడు ఆ అమ్మాయికి చెప్పలేదు, వీరబాబుకు చెప్పలేదు, ఇక ఎవరికీ ఎన్నటికీ చెప్పడు.