జేబుల్లో చేతులు

మేమిద్దరం పనిచేసే ఫ్యాక్టరీలో కురోయివా మేస్త్రీ పటకారు వెనక్కి తిప్పి మా ఆయన ఖగేంద్ర దవడ మీద కొట్టాడు. పన్ను ఊడి నా బూటు పక్కన పడింది.

ఆయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా నేపాలోడా, చేతులు పడిపోయాయా? మగాడివైతే కొట్టు" అంటూ మేస్త్రీ డొక్కలో తన్నాడు.

చేతులు బయటికి రాలేదు. ఈ జపానులో దెబ్బకు దెబ్బ తీస్తే పోలీసులు ఇద్దరి పేర్లూ రాసుకుంటారు. మచ్చ లేకుండా పదేళ్లు గడిపితేనే శాశ్వత నివాసం కార్డు. ఆయనకి ఇంకో నెల ఉంది.

"ఎంత ఓర్పండీ మీకు" అన్నాను ఆ రోజు దవడకి కాపడం పెడుతూ. చీమకైనా అపకారం చెయ్యని మనిషని మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

దరఖాస్తు పెట్టిన ఏడాదికి, ఇవాళ కార్డు వచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని అన్నానికి కూర్చున్నాడు.

పప్పులో ఉప్పు తగ్గిందట. మొదటి దెబ్బకి నా తల గోడకి కొట్టుకుంది. రెండో దెబ్బకి ముక్కులోంచి రక్తం కారి కంచంలో పడింది.

"పదేళ్లు ఓర్చుకున్నానే" అన్నాడు, పిడికిలి విప్పకుండా.

నా చేతిలో ఇనప గరిటె ఉంది. ఎత్తాను కూడా.

నా వీసా ఆయన భార్యననే ఇచ్చారు. నా కార్డుకి ఇంకా మూడేళ్లుంది.

గరిటె కింద పెట్టి, రెండు చేతులూ చలికి వేసుకున్న కోటు జేబుల్లో పెట్టుకున్నాను.