ఏలినవాళ్ళ భాష

వంతెనకు అవతల మూడు వందల గుర్రాలు నిలబడి ఉన్నాయి. వాటి మీద లాత్వియా రౌతులు. ఒక్కరూ కదలడం లేదు.

ఇవతల కూస్లి ఊరంతా బురదలో నిలబడి చూస్తోంది. ఎస్తోనియాకు అదే చివరి ఊరు, వాగు దాటితే లాత్వియా. తూర్పున ఉన్న పెద్ద దేశం తెల్లవారుతూనే సరిహద్దు దాటింది. పిండిమర దగ్గర తుపాకులు మోగుతున్నాయి. ఊరి కుర్రాళ్ళు నలభై మంది అక్కడ అడ్డం నిలిచారు. మధ్యాహ్నం దాకా ఆపగలరు. ఆ తర్వాత తూటాలు ఉండవు.

"ఇంకా నిలబడ్డారేంటి వీళ్ళు? గుర్రాలకి మన వాగు నీళ్ళు పడవా?" అంది లీసు. ఆమె తమ్ముళ్ళిద్దరూ మర దగ్గరే ఉన్నారు.

"పిలవాలి కదే! పిలవకుండా దాటకూడదని రాసుకున్నాం," అన్నాడు ఊరిపెద్ద ఆడో.

రెండు చిన్న దేశాలు రాసుకున్న ఒప్పందం అది. ఒకరి మీద పడితే ఇద్దరి మీదా పడ్డట్టే. కానీ చిన్నవాళ్ళకు పక్కవాడన్నా భయమే. అందుకని పిలిస్తేనే రావాలన్నారు. ఇంకో మాట కూడా రాసుకున్నారు. ఒకరితో ఒకరు రష్యన్‌లో గానీ జర్మన్‌లో గానీ మాట్లాడకూడదు. తరతరాలుగా నెత్తిన కూర్చుని ఏలినవాళ్ళ భాషలవి. సంతకాల రోజున రెండు ఒడ్ల జనమూ టోపీలు తీసి ఒట్టు పెట్టుకున్నారు. ఆ భాషలు పోతే ఒకరి మాట ఒకరికి అర్థం కాదన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ పట్టలేదు.

కూస్లిలో లాత్వియా భాష వచ్చినవాడు ఒక్కడే, హిండ్రెక్. అతని భార్య దార్త అవతలి ఒడ్డు మనిషి. ఆరేళ్ళ కిందట జ్వరంతో పోయింది. డాక్టరు వాగు అవతల ఉండేవాడు. అవి దుక్కి రోజులు, ఊళ్ళో గుర్రం దొరకలేదు. ఒప్పందం అయ్యాక ఊరివాళ్ళు ఏటా ఆమె సమాధి మీద పూలు పెడుతున్నారు. "మొదటి ఒప్పందం చేసుకుంది నువ్వే కదా బాబాయ్," అని అతన్ని ఆటపట్టిస్తున్నారు.

అవతలి కెప్టెన్ బ్రూవెరిస్ గుర్రం దిగి వంతెన మధ్యకు వచ్చాడు. ఆడో, హిండ్రెక్ ఎదురెళ్ళారు.

"నిటారుగా నిలబడు పెద్దాయనా," అన్నాడు హిండ్రెక్ మెల్లగా. "అడుక్కోడానికి వచ్చినట్టు కనపడకు. చులకనైపోతాం."

ఆడో నడుం నిలబెట్టాడు. "రమ్మని చెప్పు. ఇప్పుడే రమ్మను. మా అబ్బాయి ఎల్మర్ మర దగ్గరున్నాడని మాత్రం చెప్పకు. మధ్యాహ్నం దాకానే టైముందని చెప్పు."

హిండ్రెక్ చెప్పాడు. కెప్టెన్ మొహం మారిపోయింది. తుపాకుల మోత వైపు చెయ్యి చూపించి ఏదో గట్టిగా అడిగాడు. హిండ్రెక్ మొదట చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

"ఏమంటాడు?"

"రారట."

"రారా? మరి ఇన్ని గుర్రాలెందుకు తోలుకొచ్చాడు, పెళ్ళి ఊరేగింపుకా?"

"వాళ్ళ ఒడ్డు కాచుకోడానికట. మన చావు మనల్ని చావమంటున్నాడు."

ఆడో కెప్టెన్ వైపు ఒకడుగు వేశాడు. "నాకు రష్యన్ వచ్చు. వీడి వయసు చూస్తే వీడికీ వచ్చే ఉంటుంది. నేనే అడుగుతా."

"అడుగు," అన్నాడు హిండ్రెక్. "మీ నాన్నని కొరడాతో కొట్టిన భాషే కదా. ఊరంతా చూస్తోంది. అందులోనే కాళ్ళు పట్టుకో."

తెరిచిన నోరు ఆడో మూసుకున్నాడు. కెప్టెన్ కూడా ఏదో అనబోయి మింగేశాడు. ఇద్దరూ ఒట్టేసిన మనుషులు. కాసేపు ఒకరి మొహంలోకి ఒకరు చూసుకున్నారు, పామును చూసినట్టు. చివరికి కెప్టెన్ తన చేతి మీది రెండు దేశాల రంగుల రిబ్బను పీకి వాగులోకి విసిరాడు.

గుర్రాలు వెనక్కి మళ్ళాయి.

"థూ, మీ బతుకులు చెడ!" లీసు అరిచింది. "పోయిన నెల మా దుంపలు తిని, మా ఆవిరి గదుల్లో వీపులు రుద్దించుకుని పోయారు కదరా!"

బురద ఉండలు వంతెన దాకా ఎగిరాయి. రౌతుల్లో ఒకడు వెనక్కి తిరిగి చూశాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. సిగ్గుతో అనుకున్నారు ఇవతలివాళ్ళు.

మధ్యాహ్నం కాకుండానే మర దగ్గర తుపాకులు ఆగిపోయాయి. లీసు బురదలోనే కూర్చుండిపోయింది. ఆడో వంతెన కమ్మీ పట్టుకుని వంగిపోయాడు.

"మూడు వందల గుర్రాలురా హిండ్రెక్. కళ్ళ ముందు నిలబెట్టుకుని, ఇవ్వకుండా ఎలా పోయాడురా? మనిషేనా వాడు?"

"ఇవ్వనివాళ్ళు ఉంటారు పెద్దాయనా," అన్నాడు హిండ్రెక్.

అతను ఊళ్ళోకి పోలేదు. సమాధుల వైపు నడిచాడు. దార్త రాయి మీద ఊరివాళ్ళు పెట్టిన పూలు ఎండిపోయి ఉన్నాయి. వాటిని తీసి గోడ అవతల పారేశాడు.

టోపీ తీసి, ఆమె భాషలోనే ఆమెకు చెప్పాడు: "ఆ రోజు వీళ్ళు నీకు ఒక్క గుర్రం ఇవ్వలేదు, ఇవాళ మీవాళ్ళు మూడు వందలు తెస్తే, వాగు దాటితే కాల్చేస్తామని మా ఊరి మాటగా చెప్పి తిప్పి పంపేశాను."