రెండు వేళ్ల గుడ్డ

"అమ్మా, బీరువా ఏ గదిలో పెట్టమంటారు?"

"లోపలి గదిలో. గోడకి తగలకుండా చూడు నాయనా, రంగు ఇంకా పచ్చిగానే ఉంది."

రంగు ఆరి పది రోజులైంది. అయినా లారీలోంచి దిగిన ప్రతి వస్తువుకీ దర్జీ భార్య ఆ మాటే చెబుతోంది. మూడేళ్లు కట్టిన ఇల్లు మరి. గోడ మీద గీత పడితే ఆవిడ ప్రాణం చివుక్కుమంటుంది.

దర్జీ ముందుగదిలో స్టూలెక్కి కిటికీకి కర్టెన్లు తొడుగుతున్నాడు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. అది లేకుండా ఆయన్ని పెళ్లి ఫోటోలో తప్ప ఎవరూ చూడలేదు.

"సార్, మోటారుకి స్టార్టర్ పెట్టాలండీ. లేకపోతే కాలిపోద్ది," అన్నాడు ప్లంబరు గుమ్మంలో నిలబడి.

"నిన్న చెప్పలేదేమయ్యా?"

"నిన్న మీరు అడగలేదు కదండీ."

"ఎంతవుతుంది?"

"నాలుగు వేలు. నా కూలీ కాక."

దర్జీకి కోపం రావాలి. రాలేదు. నెల రోజులుగా వచ్చీ వచ్చీ అదీ అలిసిపోయింది. గోడలు, కప్పు, తలుపులు, అన్నీ ముందే పైసాతో సహా లెక్కేసుకున్నాడు పాపం. ఇల్లు పూర్తయిందనుకున్నాక అసలు ఖర్చు మొదలైంది. మురుగునీటి గొట్టం కలపడానికి రోడ్డు తవ్వితే దానికో రుసుము, కరెంటు మీటరుకి డిపాజిట్, కిటికీలకి దోమల వల, ఆఖరికి నీళ్ల ట్యాంకు మీద మూత. మూతేదని నిలదీస్తే మేస్త్రీ, "మీరు ట్యాంకు అన్నారు గానీ మూత అన్లేదు కదండీ," అన్నాడు.

"పెట్టెయ్," అన్నాడు దర్జీ. ప్లంబరు వెళ్లిపోయాడు.

"చొక్కా కుడితే లోపల రెండు వేళ్ల గుడ్డ వదులుతారు, రేపు మనిషి లావైతే విప్పుకోవచ్చని," అంది భార్య కర్టెన్ అందిస్తూ. "ఊరందరికీ వదులుతారు. మన ఇంటికి వదల్లేదేమండీ?"

"వదలడానికి గుడ్డేదీ? ఉన్నదంతా కొలతకే చాల్లేదు."

మొన్న ఆదివారం ఇద్దరూ కూర్చుని లెక్కలు చూసుకున్నారు. బ్యాంకు వాయిదా వచ్చే నెల నుంచే మొదలు. ఎటు తిప్పి కూడినా అంకె మారలేదు. ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. నాలుగో రోజుకల్లా లారీ గుమ్మం ముందుంది.

"ఇంతకీ పాత ఇంటాయనతో మాట్లాడారా?"

"మాట్లాడాను."

"ఏమన్నాడు?"

"ఇంత హఠాత్తుగా చెబితే ఎలాగని సణిగాడు. చివరికి సరేనన్నాడు."

ఆవిడ తలూపింది. పదకొండేళ్లు ఆ రెండు గదుల్లో గడిపింది. గడియారం తగిలించాలన్నా, కేలెండరు తగిలించాలన్నా మెట్లెక్కి వెళ్లి, "ఓనరుగారూ, ఒక మేకు కొట్టుకోవచ్చా?" అని అడగాలి. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "ఎందుకమ్మా గోడ పాడుచెయ్యడం?" అనేవాడు. సొంతింట్లో ఎవర్నీ అడక్కుండా ఒక మేకు కొట్టాలి. ఇన్నేళ్లూ ఆవిడ కోరుకున్నదల్లా అంతే.

దర్జీకి ఆ సంగతి తెలుసు. స్టూలు దిగి, కర్టెన్ రాడ్లు బిగించిన సుత్తి, ఒక మేకు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"కొట్టు. నీకు నచ్చిన చోట."

ఆవిడ ముందుగది గోడ ముందు నిలబడింది. మేకు మొన ఆనించింది. సుత్తి ఎత్తింది. అలాగే దించేసింది.

"వద్దులెండి. గోడ పాడవుతుంది."

ఆయన సుత్తి తీసుకుని సంచీలో వేశాడు.

ఆవిడ తడిగుడ్డ పట్టుకుని చిన్నగదిలోకి వెళ్లింది. కిటికీ పక్కన గోడ మీద, పదేళ్ల పిల్ల చేతికందే ఎత్తులో, పెన్సిలుతో రాసి ఉంది: "ఇది నా గది. తలుపు కొట్టి రావాలి." ఆవిడ ఒక్కసారి చదివింది. తర్వాత మెల్లగా తుడవడం మొదలెట్టింది. పెన్సిలు గీత ఒక పట్టాన పోలేదు.

"అమ్మాయికి చెప్పావా?" అని అడిగాడు దర్జీ వెనకాలే వచ్చి.

"ఇంకా లేదు. బడి నుంచి వచ్చాక చెబుతాను."

"ఏడుస్తుందేమో."

"ఏడవనీండి. ఒక పూట ఏడుస్తుంది," అంటూ ఆవిడే కళ్లు తుడుచుకుంది, అదే తడిగుడ్డతో.

సామాను దించడం పూర్తయింది. లారీ డ్రైవరు చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "సార్, మిగతా డబ్బులు?"

"ఇప్పిస్తాను, కాసేపు ఆగు."

దర్జీ ఆఖరి కర్టెన్ సరిచేసి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. దుకాణం కట్టేశాక రోజూ గంటసేపు కూర్చుని కుట్టినవి. అంచు సరిగ్గా నేలకి అంగుళం పైన ఆగింది.

"బాగా కుదిరాయి. తీసేస్తే బాగుండదేమో," అంది భార్య.

"తీసి ఏం చేస్తాం? ఈ కొలత ఇంకే కిటికీకీ పనికిరాదు."

గేటు దగ్గర ఆటో ఆగింది. చంకలో చంటిపిల్లతో ఒకావిడ దిగింది. రెండో చేతిలో తువ్వాలు చుట్టిన గోడ గడియారం ఉంది. చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, గదంతా కలయజూసింది. కర్టెన్లు చూసి ముచ్చటపడింది. నేరుగా ముందుగది గోడ దగ్గరికి వెళ్లి, ఇందాక మేకు మొన ఆనిన చోటే వేలు పెట్టి, దర్జీ భార్య వైపు మొహమాటంగా తిరిగింది.

"ఓనరుగారూ, ఇక్కడొక మేకు కొట్టుకోవచ్చా?"