ఇదీ పనికిరాదు

"దొరికిందా బావగారూ?" కాఫీ గ్లాసు కంప్యూటర్ పక్కన పెడుతూ అడిగింది మరదలు.

"దిగుతోందమ్మా. ఉచితం కదా, నడుం పట్టేసినట్టు దిగుతోంది."

పెద్దాయన కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఏ తీగలో కరెంటు ఎటు పోతుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం ఆఫీసులోనే ఉండిపోయింది. కొందామా అంటే, ధర ముట్టుకుంటేనే షాక్ కొడుతుంది. అందుకే ఊరికే దొరికేవాటి కోసం వెతుకులాట. ఉచితానికి రెండర్థాలు: ఊరికే వచ్చేది, తగినది. ఆయనకి తగినది ఇంకా తగల్లేదు.

ఆయన తమ్ముడు లైన్‌మన్. సబ్‌స్టేషన్లో సరఫరా ఆపించి, చచ్చిన తీగే కదా అని స్తంభం ఎక్కాడు. తీగ బతికే ఉంది. తమ్ముడే బతకలేదు.

ఆ సమయంలో వీధిలో ఎవరో జనరేటర్ వేశారు. ఆ కరెంటు వెనక్కి తన్ని, ట్రాన్స్‌ఫార్మర్లో వందల ఓల్టులు వేలై, తీగలోకి ఎక్కింది. ఎవరి జనరేటరో తేలలేదు. సబ్‌స్టేషన్ మీటరు పట్టుకున్న ఓల్టేజీ అంకె ఒక్కటే మిగిలింది. వీధినంతా కంప్యూటర్లో కట్టి, ఒక్కో ఇంటి జనరేటర్ వేసి చూస్తే, ఆ అంకె ఎక్కడ కుదిరితే అదే ఆ ఇల్లు.

సాఫ్ట్‌వేర్ దిగాక, పెద్దాయన వీధిని తెరమీద గళ్ళూ గీతలుగా కట్టాడు.

"ఈ గళ్ళేంటి బావగారూ?"

"బస్సులమ్మా."

"బస్సులా?"

"తీగలు కలిసే చోట్లని మా భాషలో అంతే అంటాం. ఎక్కేదీ దిగేదీ కరెంటే. టికెట్ ఉండదుగానీ, కండక్టర్ మాత్రం ఉంటుంది."

ఆమె నవ్వబోయి, ఆగిపోయింది. ఇలాంటివాటికి ఈ ఇంట్లో పగలబడి నవ్వే మనిషి ఒక్కడే ఉండేవాడు.

"ఆ జనరేటర్ ఐసు ఫ్యాక్టరీ వాడిదే. ఆ రోజునుంచీ నాకు మొహం చాటేస్తున్నాడు."

"తేలకుండా ఎవర్నీ అనకమ్మా."

"తేలనివ్వండి! వాడి గుమ్మంలోనే కూర్చుంటాను. నా మొగుణ్ని మింగినవాళ్ళకి జన్మలో కంటిమీద కునుకు పట్టకూడదు."

గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పెద్దాయన మీట నొక్కాడు. గీతలు రంగు తిరిగాయి. అంకెలు పరుగెత్తి పరుగెత్తి ఆగాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్ళీ చూశాడు. తర్వాత సాఫ్ట్‌వేర్‌ని మొత్తం తీసిపారేశాడు.

"వచ్చిందా?" వంటింట్లోంచి కేక.

"ఇదీ పనికిరాదమ్మా."

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "మొన్నటిదానికి లెక్కలు రావన్నారు. నిన్నటిదానికి మన ట్రాన్స్‌ఫార్మర్ తెలీదన్నారు. దీనికేం రోగం?"

"దీనికి తొందరెక్కువ."

"వదిలెయ్యకండి బావగారూ. మీరూ వదిలేస్తే నాకింకెవరున్నారు?"

"వదులుతానా! ఎవరో ప్రొఫెసర్ రాసింది ఇంకోటి ఉందట. రేపు దాన్ని చూద్దాం."

నిజానికి దించిన ప్రతి సాఫ్ట్‌వేరూ మొదటి నొక్కుకే చక్కగా పనిచేసింది, ప్రతిదీ ఒకే జనరేటర్ని చూపించింది: మొగుడు అలిసిపోయి వస్తాడు, స్నానానికి నీళ్ళుండాలి అని ఆ రోజు ఆమె తన చేత్తో వేసిన ఈ ఇంటి జనరేటర్ని.