చివరి ఒంటె

"హీరోని తీసేయండి," అంది మామ్మ.

సినిమా హాలు మేనేజర్ చేతిలో కలం ఆగిపోయింది. "హీరోనా!"

"ఊఁ. మూడు రోజులు ఇసుకలో నడిచినా తలపాగా నలగలేదు. నాకెందుకో అతని మీద నమ్మకం లేదు బాబూ."

గోడవారగా కూర్చున్న ఆపరేటర్ నవ్వు ఆపుకోలేక రీలు డబ్బా వెనక్కి తల దాచుకున్నాడు. అతని ఒళ్ళో కత్తెర ఉంది.

రాజుగారి నిధి కోసం ఎడారి దాటిన దండు కథ అది. ఎప్పటిదో పాత సినిమా. మళ్ళీ వేస్తే జనం బాగానే వస్తున్నారు. అయితే రోజుకి నాలుగో ఆట పడాలంటే ఆరు నిమిషాలు కోయాలి. ఏది కోయాలో ప్రేక్షకులే చెబుతారని మేనేజర్ చీటీలు పంచాడు. ఒకవైపు 'బాగున్నవి', రెండోవైపు 'బాగోలేనివి'.

'బాగోలేనివి' కింద అందరూ ఒకే మాట రాశారు. ఒంటెల బారులో చివరిది ఒంటె కాదు, గోనెగుడ్డ కప్పుకున్న ఇద్దరు మనుషులు. అది తూలుతూ నడిచి, ఇసుక తుఫానులో వెనకబడిపోయేదాకా సరిగ్గా ఆరు నిమిషాలు. హాల్లో అప్పుడు మొదలైన నవ్వు రాజుగారు చచ్చిపోయేదాకా ఆగదు.

ఒక్క మామ్మ చీటీలో మాత్రం 'బాగున్నవి' కింద 'చివరి ఒంటె' అని ఉంది. పందొమ్మిది రోజులుగా ఒక్క మ్యాట్నీ కూడా వదలని మనిషి, అనుభవం ఉన్నావిడ కదా అని మేనేజర్ పిలిపించాడు. పిలిచినందుకు ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాడు.

"పోనీ, ఇంకేమీ బాలేవా మామ్మగారూ?"

"ఎందుకు బాలేవూ? ఎడారి బావుంది. ఇసుక మీద పొద్దు వాలుతుంటే నాకు గొంతు ఎండిపోతుంది. గాలి లేచేటప్పుడు వాయిద్యాలన్నీ ఆపేశాడు చూడండి, ఎవరో గానీ తెలివైనవాడు."

"మరి యుద్ధం?"

"తీసేయండి. సేనాపతి మణికట్టు మీద వాచీ మచ్చ ఉంది."

"ఒయాసిస్సు?"

"కుండీల్లో పెట్టినట్టు చెట్లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. అదీ తీసేయండి."

"అవన్నీ తీసేస్తే ఇంక మిగిలేది ఒంటేగా!"

"మిగలనివ్వండి. దాని జోలికి మాత్రం రాకండి, మీకు పుణ్యముంటుంది." మామ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ ఆరు నిమిషాలూ పోతే నేనెక్కడికి పోను?"

మేనేజర్ ఆపరేటర్ వంక చూశాడు. ఆపరేటర్ దగ్గరికొచ్చి చెవిలో గొణిగాడు. "సార్, ఈవిడ అది నిజం ఒంటె అనుకుంటోంది. మొన్న తెర మీద బొమ్మ కిందికి జారిపోయి ఒంటె కాళ్ళు తెగిపోయాయి చూడండి, హాల్లో ఎవరికీ పట్టలేదు. ఈవిడొక్కతే లేచి 'కాళ్ళు! కాళ్ళు!' అని ఒకటే అరుపు."

మేనేజర్ మనసు కరిగింది. నెమ్మదిగా అటునుంచి నరుక్కొద్దామనుకున్నాడు.

"మామ్మగారూ, ఆ ఒంటె నడక గమనించారా? ముందుకాళ్ళకీ వెనక్కాళ్ళకీ పొత్తే కుదరదు."

"ముందుకాళ్ళదే తప్పు. మరీ తొందర."

"వెనక ఎడమకాలు ఆగి ఆగి కుడిపిక్క గోక్కుంటుంది. ఏ ఒంటైనా అలా చేస్తుందా?"

"అలవాటు బాబూ. అలవాట్లు ఎడారికి పోయినా పోతాయా?"

ఆపరేటర్ పక్కకి తిరిగి దగ్గాడు. మామ్మ అతన్ని పట్టించుకోలేదు.

"ఈ సినిమాలో అసలు లోపం చెప్పనా? తుఫానులో అది వెనకబడిపోతే ఒక్కడూ తిరిగి చూడడు. అంతమందిలో ఒక్కడికైనా అనిపించలేదా? పోయేముందు 'వెళ్ళొస్తా' అనైనా అనకపోతే ఎలా? వెనకున్నవాళ్ళు ఎన్నేళ్ళని గుమ్మంవైపు చూస్తారు?"

ఎడారిలో గుమ్మం ఎక్కడిదో మేనేజర్‌కి అర్థం కాలేదు. గోడ గడియారం చూశాడు. మ్యాట్నీకి ఇంకా అరగంటే ఉంది. ఆపరేటర్ అప్పటికే రీలు వెలుతురుకి ఎత్తిపట్టి, ఒంటె మొదలయ్యే చోట కత్తెర ఆనించాడు.

ఇక దాచి లాభం లేదు. మేనేజర్ మంచినీళ్ళ గ్లాసు మామ్మ ముందుకు జరిపి, చావుకబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు.

"ఏమీ అనుకోకండి మామ్మగారూ. అది ఒంటె కాదు. లోపల ఇద్దరు మనుషులున్నారు."

మామ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఇంత చిన్న సంగతి తెలియని మనిషి మేనేజర్ ఎలా అయ్యాడా అన్నట్టు అతని వంక జాలిగా చూసింది.

"వెనక్కాళ్ళు మా ఆయనవి."