అడ్డు చెక్కలు

"చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టావా, పెద్దాయనా?" అని అడిగాడు తనిఖీ అధికారి.

"పెట్టాను సార్," అన్నాడు లారీ డ్రైవరు. చెక్కలు సీటు వెనకే ఉన్నాయి. ఆ చీకట్లో దిగడానికి ఒళ్లు బరువైంది.

అధికారి ఆ మాట నమ్మి, టార్చితో లారీ కిందికి దూరాడు. "బ్రేకు నొక్కు. వదులు," అంటుంటే డ్రైవరు బుద్ధిగా చెప్పినట్టే చేశాడు. ఒకసారి వదలగానే లారీ వాలులో జానెడు కదిలి, మెత్తటిదేదో ఎక్కి ఆగింది.

కింద వెలుగు ఆరిపోయింది. కీచురాళ్లు కూడా ఊరుకున్నాయి. దిగి చూడడానికి డ్రైవరుకి మొహం చెల్లలేదు.

"చెక్కలు పెట్టావా, పెద్దాయనా?" అదే నెమ్మదైన గొంతు మళ్లీ అడిగింది, ఈసారి సీటు వెనక నుంచి.

సిగ్గుతో తల వాలిపోయింది. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"పెట్టాను సార్."