నడక తెలిసిన చాప

"మళ్ళీ నడవండి సార్" అంది అద్దానికి అవతల నుంచి టెక్నీషియన్.

"ఆరుసార్లు నడిచానమ్మా! ఇంకెన్నిసార్లు?"

"ఈసారి మామూలుగా నడవండి. కోపంగా నడుస్తున్నారు."

డాక్టరు పళ్ళు నూరుకుంటూ గది చివరికి వెళ్ళి, నేల మీద పరిచిన నల్లటి చాప మీదుగా తలుపు దాకా నడిచివచ్చాడు. తలుపు కదల్లేదు. దాని నెత్తిన ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది.

ఆ చాప ఆయనకి కన్నబిడ్డతో సమానం. తొమ్మిదేళ్ళ చాకిరీ. దాని కడుపులో నాలుగు వేల సెన్సర్లున్నాయి. అడుగు ఎక్కడ ఎంత బరువుగా పడుతోందో చూసి, కిడ్నీ జబ్బుని రోగికి తెలియకముందే అది పసిగడుతుంది. ఇప్పటిదాకా రెండు వందల పద్నాలుగు మందిని పట్టింది. తర్వాత చేసిన రక్తపరీక్షల్లో ఒక్కటి కూడా తప్పని తేలలేదు. ఆ మాటే నాలుగింటికి పై అంతస్తులో కమిటీ ముందు చెప్పాలి. వాళ్ళు ఊ అంటే చాప అన్ని ఆసుపత్రులకీ వెళుతుంది, ఉహూ అంటే అటకెక్కుతుంది. ఇప్పుడు మూడూ ఇరవై.

ప్రయోగశాలలో పనిచేసే పదకొండు మంది నడకలూ చాపకి నేర్పారు. వాళ్ళు నడిచొస్తే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. రోగుల కోసమైతే నర్సే బయట వేలిముద్ర వేయాలి. పోయినేడు ఒక పెద్దాయన వైర్లు తగిలించిన మేజోళ్ళతోనే టీ తాగడానికి బజార్లోకి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడే డాక్టరు పట్టుబట్టి ఈ తాళం పెట్టించాడు.

"పొద్దున మా అందరికీ తెరుచుకుంది సార్" అంది టెక్నీషియన్, తన ముందున్న తెర వంక చూస్తూ. "మీకు నిన్న కూడా ఇలా అయిందా?"

"మూడోసారికి తెరుచుకుంది. దుమ్ము పట్టిందేమో అనుకున్నాను."

ఆమె తెర మీదకి వంగి ఇంకోసారి చూసింది. "బూట్లు తీసి నడుద్దురూ" అంది తర్వాత.

లేసులు పొద్దున్నుంచీ వదులుగానే ఉన్నా, బూట్లు ఊడదీసేసరికి తాతలు దిగివచ్చారు. మేజోళ్ళు లాగితే వాటి అంచు చర్మం మీద గాడిలా పడి ఉంది.

"ఈ కంపెనీలవాళ్ళు సైజులు తగ్గించేసి మన పాదాల మీద పడుతున్నారు" అని విసుక్కున్నాడు. ఒట్టి కాళ్ళతో నడిచాడు. ఎర్ర దీపమే.

"రాత్రి నిద్రపోయారా సార్? కళ్ళు ఉబ్బున్నాయి."

"కమిటీని నెత్తిన పెట్టుకుని ఎవరికి నిద్రపడుతుంది? ముందు తలుపు సంగతి చూడు తల్లీ!"

"పెద్దక్కకి ఫోన్ చేశాను. వస్తోంది." పెద్దక్క అంటే నర్సు. ఆమె రెండు భవనాల అవతల ఉంటుంది, నడకా నెమ్మదే.

గదికి కిటికీ లేదు. బల్ల, బరువు తూచే యంత్రం, చాప, అంతే. డాక్టరు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మూలన అగ్నిప్రమాదం గంట ఉంది. అది నొక్కితే తలుపులన్నీ తెరుచుకుంటాయి, కానీ భవనమంతా ఖాళీ అవుతుంది, కమిటీతో సహా. గంట దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకుని కాలరు బొత్తాం విప్పుకున్నాడు. ఊపిరి సలపడం లేదు. తను పెట్టించిన తాళానికి తనే దొరికిపోవడం తల్చుకుంటే ఏడుపొచ్చేలా ఉంది.

జేబులో ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ఉంగరం సబ్బుపెట్టెలో వదిలేసి వెళ్ళారేం?"

"వేలికి బిగుసుకుపోతోంది. తర్వాత మాట్లాడతాను, ఇక్కడ చచ్చేంత పనిలో ఉన్నాను."

పెట్టేయగానే మళ్ళీ మోగింది. ఈసారి పై అంతస్తు గుమాస్తా. "సార్, కమిటీవాళ్ళు ముందే వచ్చేశారు. మీరొచ్చేలోగా ఒక్క మాట చెప్పమంటున్నారు. మీ చాప ఇంతవరకూ ఒక్కసారైనా పొరబడిందా?"

డాక్టరు ఎర్ర దీపం వైపు చూశాడు. లేదని ఒక్క మాట అంటే చాలు, తొమ్మిదేళ్ళూ గట్టెక్కుతాయి. కానీ దీపం కళ్ళ ముందే వెలుగుతోంది. అబద్ధమాడి పైకి వెళితే, రేపు ఏ ముసలమ్మ దగ్గరో ఇది తప్పు చెబితే ఆ పాపం ఎవరిది?

టెక్నీషియన్ లేచి అద్దం మీద దబదబా బాదింది. "సార్, చెప్పకండి! పెద్దక్కని రానివ్వండి!"

ఆయన చేత్తో ఆగమన్నాడు. "పొరబడింది" అన్నాడు ఫోన్లో. "ఇవాళ నన్నే గుర్తుపట్టలేదు. ఎనిమిదిసార్లు. అలాగే రాసుకోమనండి."

ఫోన్ జేబులో పెట్టుకుని చాప మీదే కూలబడ్డాడు. అవతల టెక్నీషియన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దక్క చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. ఎవరో రోగి కోసం వెళుతూ దారిలో ఆగిందనుకున్నాడు డాక్టరు. ఆమె బయట వేలు ఆనించింది. తలుపు తెరుచుకుంది.

"కూర్చోండి బాబూ" అంది కుర్చీని ఆయన ముందుకి జరిపి.

"నాకెందుకక్కా? చాపే పాడైపోయింది" అంటూ వట్టి కాళ్ళతో బయటికొచ్చి, తప్పెక్కడుందో చూద్దామని తెర దగ్గరికి వెళ్ళాడు.

టెక్నీషియన్ తెరకి అడ్డం నిలబడింది. కళ్ళు తుడుచుకుని పక్కకి తప్పుకుంది. "మొదటిసారే గుర్తుపట్టింది సార్."

తెర మీద ఆయన పేరే ఎనిమిదిసార్లు వరసగా ఉంది. ప్రతి పేరు పక్కనా ఒకటే మాట ఉంది.

రోగి నంబరు రెండు వందల పదిహేను.